పత్తిచేల నడుమ ఒక పాటల కొట్టు

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమునకు జాక్సను రాజధాని. అచట మా తమ్ముడు ఉద్యోగము చేయుచున్నాడు. నిరుడు వేసవిలో మేము వానియింట నుండగా, ఒక శనివారము సాయంకాలమున, "అక్కా, బెంటోనియాకు పోయి పాట విందము రమ్ము" అని పిలిచెను. పాట యనగానే మేమును మరదలును సంతోషముతో బయలుదేరితిమి. అది మద్యము పోయు కొట్టని సగము దారి గడచిన పిదప గాని వాడు చెప్పలేదు.

సోదరీమణులారా, మా సంకోచము మీకు వేఱుగ చెప్పనక్కఱ లేదు. సారా వలన కూలిన కాపురములను మన మెన్ని చూడలేదు! 1992లో నెల్లూరు జిల్లా పల్లెపడుచులు సారాకొట్లపై తిరుగబడిరని విని పొంగినవారమే మేమును. "మేము బండిలోనే కూర్చుండెదము, నీవు విని రమ్ము" అంటిమి. వాడు నవ్వి ఊరకుండెను.

బెంటోనియా జాక్సనుకు సుమారు 30 మైళ్ల దూరమున నున్న చిన్న ఊరు. రైలుపట్టాల ప్రక్కన, సిమెంటు దిమ్మెలతో కట్టిన చిన్న కట్టడము. పేరు బ్లూ ఫ్రంట్ కేఫు. మన యూరి రేవు కడ కాఫీకొట్టైనను దీనికంటె సొగసుగా నుండును. మేము బండి దిగకుండుట చూచి, గుమ్మము కడ కుర్చీలో నున్న నల్లజాతి ముదుసలి యొకామె లేచివచ్చి, ఏమియు నడుగకయే మరదలి చేయి పట్టుకొని లోనికి తీసికొనిపోయెను. పెద్దామె పిలిచినపుడు కాదనుట మనకు అలవాటు లేదు గదా.

లోపల వేదిక లేదు. ఒక యువకుడు మాకు నాలుగడుగుల దూరమున మామూలు కుర్చీలో కూర్చుండి గిటారు సవరించుకొనుచుండెను. మేము కోకాకోలా తెప్పించుకొంటిమి. పాట మొదలాయెను. దీనిని బ్లూసు అందురు. పత్తిచేలలో పాటుపడిన నల్లవారి దుఃఖమునుండి పుట్టినది. ఈ యూరి బాణీ అందును వేఱు. తంతులను సామాన్యపు శ్రుతి విడిచి, శోకస్వరము పలుకునట్లు మార్చి బిగింతురు. గొంతు సన్నగా పైకి పోయి అచటనే వణకుచుండును. మాటలు మాకు సగమే తెలిసినవి. అయినను మరదలు కన్నులు తుడుచుకొనెను.

ఈ బాణీ హెన్రీ స్టకీ మొదలగువారి చేతిలో రూపొందినదట. ఇదే యూర 1902లో పుట్టిన స్కిప్ జేమ్సు 1931లో దీనిని రికార్డుల కెక్కించెను. పిదప జాక్ ఓవెన్సు అను రైతు దానిని నిలిపెను. ఆయన యొద్ద చూచి, విని నేర్చుకొన్నవాడు ఈ కొట్టువారి కుమారుడు జిమ్మీ హోమ్సు. మన యిండ్లలో మంగళహారతులు వచ్చినది మాత్రము ఏ పుస్తకమునుండి?

పాటకు పాటకు నడుమ ఆ ముదుసలి మా చెంత కూర్చుండి కొట్టు కథ చెప్పెను. 1948లో కేరీ, మేరీ హోమ్సు దంపతులు దీనిని తెఱచిరి. పత్తి తీయు రోజులలో కూలీలకు రాత్రింబవళ్లు చేపలు వేయించి పెట్టుచుండిరట. 1966 వఱకు ఆ రాష్ట్రమున మద్యనిషేధ ముండుటచే సారా చాటుగా అమ్ముడుపోయెడిది. ఈ రాబడితోను పత్తిపంటతోను తమ పదిమంది బిడ్డలను, బంధువుల పిల్లలను సాకి, వారిలో పలువురను కళాశాలకు పంపిరి. ఆ డబ్బు ఏ యిల్లాలి పోపులపెట్టె నుండి వచ్చినదో యని మాకు తోచకపోలేదు. కాని మేరీ వంటి తల్లికి ఆ కాలమున ఆ యూర వేఱు దారులెన్ని యుండెను? ఈ మాటకు మాకు నేటికిని సమాధానము దొరకలేదు.

జాతిభేదపు కట్టుబాట్లు చెల్లిన దినములలో కొట్టు రాత్రి 10 గంటలకు మూయవలెనట. తెల్లవారికి వడ్డింపరాదట. నల్లవారికి కోకాకోలా అమ్మరాదట! తక్కువ పేరుగల పానీయములే వారికి. ఈ మాట చెప్పుచు ఆమె మా బల్లమీది సీసాలవంక చూచి నవ్వెను. ఆ నవ్వులో పరిహాసమే గాని కసి కానరాలేదు.

మరదలు లేచిపోయి మఱియొక సీసా తెచ్చి ఆమె ముందుంచెను. ఆమె మూత తీసి, ఒక గుక్క త్రాగి, "ఇదంత రుచియేమి కాదు సుమా" అనెను. అంతలో యువకుడు మఱల తంతులు బిగించెను. ఇంటికి పోవుదమా యని తమ్ముడు రెండుసార్లడిగినను మేము లేవలేదు.