ఏర్కాడు కొండమీది ఆర్కిడ్డులు

మా పెరటిలో మామగారు నాటిన బంగినపల్లి మామిడిచెట్టొకటి కలదు. దాని నడికొమ్మమీద దళసరి ఆకులతో, బూడిదవన్నె వేళ్లతో ఒక మొక్క చిరకాలముగా పెరుగుచుండెడిది. వేసవిలో దానికి గోధుమవన్నె గళ్ల రేకులును, నడుమ ఊదావన్నె పెదవియు గల పూలు పూచి కమ్మని తావి నిచ్చెడివి. ఒక యేడు మామిడికి కాపు తగ్గెను. "బదనిక పట్టింది అమ్మాయీ, చెట్టును పీల్చేస్తోంది. కొట్టించెయ్యండి" అని మా అత్తగారనిరి. చిన్ననాడు మా తండ్రిగారు వల్లె వేయించిన అమరకోశము మాకు జ్ఞప్తికి వచ్చినది. అందు 'వందా' యను ఓషధికి 'వృక్షాదని' యని మరియొక పేరు కలదు. వృక్షాదని యనగా చెట్టును తినునది. కోశమే చెప్పుచుండగా సందేహమేల యని మొక్కను కొట్టించి పెంటదిబ్బమీద పారవేయించితిమి. మరుసటి యేడు మామిడి విరగగాచెను. మా తెలివికి మేమే మురిసితిమి.

ఆ మురిపెము ఏర్కాడు కొండమీద కరగిపోయినది. ఆ సంగతియే సోదరీమణులతో చెప్పుకొనదలచితిమి.

మావారికి బడి సెలవులిచ్చిన పిదప మే మాసమున విజయవాడలో రైలెక్కి సేలములో దిగితిమి. అచ్చట తరతరములుగా స్థిరపడిన తెలుగువారు పెక్కుమంది కలరు. మా దూరపు మేనత్తగారి కుటుంబము వారిలో నొకటి. వారింట ఒకనాడు విశ్రమించి, మేనత్తగారి కుమారుని వెంటబెట్టుకొని మరునాటి యుదయమున ఏర్కాడు బస్సెక్కితిమి. షెవరాయ్ కొండలమీదికి పోవు ఆ దారిలో ఇరువది పెనుమలుపులు కలవు. ఒక్కొక్క మలుపు తిరిగినకొలది సేలము పట్టణము క్రిందికి జారిపోవుచు, గాలి చల్లబడుచు వచ్చినది. పైకి పోగా కాఫీ తోటలును, వాటికి నీడనిచ్చు ఎత్తైన చెట్లును, ఆ చెట్ల మొదళ్లకు అల్లుకొన్న మిరియపు తీగెలును గానవచ్చినవి. అరవమున 'ఏరి' యనగా చెరువు, 'కాడు' అనగా అడవి. ఊరు సముద్రమట్టమునకు సుమారు 5,000 అడుగుల ఎత్తున నున్నది. నడుమ నిజముగనే ఒక చెరువు కలదు.

బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వారు 1963లో ఇచ్చట ఒక ఆర్కిడ్డు వనమును నెలకొల్పిరి. దక్షిణదేశపు కొండలలోని ఆర్కిడ్డులను తెచ్చి నీడపందిళ్ల క్రింద పెంచుచున్నారు. పెద్ద పెద్ద పూలను ఊహించుకొని పోయినవారికి మొదట కొంత ఆశాభంగము కలుగవచ్చును. పెక్కింటి పూలు వడ్లగింజయంత. ఒంగి, ఊపిరి బిగబట్టి చూచినగాని వాటి సొగసు తెలియదు. చూచినకొలది ఒక్కొక్కటి ఒక్కొక్క రూపము: ఒకటి తేనెటీగ వలె, ఒకటి చిన్ని బుట్ట వలె నుండెను.

రెండవ పందిటిలో కఱ్ఱబద్దల బుట్టనుండి వ్రేలాడుచున్న మొక్కను జూచి మేము నిలిచిపోయితిమి. ఆ దళసరి యాకులే, ఆ గళ్ల రేకులే, ఆ ఊదా పెదవియే! పేరు 'వాండా టెస్సెలాటా' యని వ్రాసియున్నది. అచ్చట పనిచేయు పెద్దాయన అరవమున చెప్పగా, మేనత్తగారి కుమారుడు తెలిగించెను. 18వ శతాబ్దము చివర కలకత్తాలో న్యాయమూర్తిగా నుండిన సర్ విలియం జోన్సు మన సంస్కృతపు 'వందా' శబ్దమునే ఈ జాతికి పేరుగా గ్రహించెనట.

"చెట్టును తినునది ఇదియే గదా?" యని మేమడిగితిమి. ఆయన నవ్వి, ఒక వేరుమీద నీరు చిలికెను. బూడిదవన్నె వేరు చూచుచుండగనే పచ్చబడెను. ఆ వేళ్లమీద దూదివంటి మెత్తని పొర కలదు. అది వానను, మంచును పీల్చుకొనును. వేరు బెరడును పట్టుకొనునే గాని లోనికి చొరదు. ఆకులు ఎండతో తమ యాహారము తామే వండుకొనును. ఆ మొక్కకు చెట్టు ఇల్లేగాని యన్నము కాదు. నిజముగ చెట్టును పీల్చు బదనిక వేరు. దాని జిగట గింజలను పిట్టలు కొమ్మలకు అంటించును. అది కొమ్మలోనికి వేరు దూర్చి నీటిని దొంగిలించును. కోశకారునియందు దోషము లేదు. రెండింటిని ఒక్క పేరున గట్టిన మనదే పొరపాటు. అమరకోశమున దాని ప్రక్కనే 'వృక్షరుహా', అనగా చెట్టుమీద మొలచునది, యని మరియొక పేరున్నది. మాకు కత్తి నిచ్చిన పేరే జ్ఞాపకమున్నది గాని, విడువుమన్న పేరు జ్ఞాపకము రాలేదు.

అంతకుమించి మనసును నొప్పించిన సంగతి యింకొకటి. ఆర్కిడ్డు కాయ యొక్కదానిలో లక్షల గింజలుండవచ్చును. అవి దుమ్ముకన్న తేలిక. మన కంది, పెసర గింజలకువలె లోపల ఆహారపు మూట యుండదు. అడవిలో ఒక విధమైన బూజు తోడైనగాని మొలకెత్తవు. 1922లో అమెరికాలో నడ్సన్ అను శాస్త్రజ్ఞుడు చక్కెర కలిపిన మెత్తని పాకములో, బూజు లేకయే వాటిని సీసాలలో మొలిపించెను. అట్లు మొలచినను పూచుటకు కొన్నేండ్లు పట్టును. మేము ఒక్క పూటలో కొట్టించినది ఎన్నేండ్ల బ్రతుకో!

ఆ సాయంకాలము ఊరిలో జరుగుచున్న వేసవి పుష్పప్రదర్శనమునకు పోయితిమి. కాఫీ తోటలవారి యిల్లాలొకరు తమ కుండీల ప్రక్కన కూర్చుండిరి. పూలకన్న ముందు వేళ్లను చూడుడని ఆమె మాకు నేర్పిరి. వేళ్లు గట్టిగానుండి, చివర పచ్చగానున్న మొక్కయే ఆరోగ్యముగలది. మన్నులో నాటరాదు, కొబ్బరిడొప్ప ముక్కలు, బొగ్గులు, పెంకులు చాలును. ఉదయపు టెండ, మధ్యాహ్నపు నీడ కావలెను. వేళ్లు తెల్లబారినప్పుడే నీరు పోయవలెను. నిత్యము తడిసిన వేరు కుళ్లిపోవును. మన మైదానపు వేడికి వాండాలును, డెండ్రోబియములును తట్టుకొనును. "అడవినుండి మాత్రము తీయకండి, నర్సరీలో పెంచినవే కొనండి" అని ఆమె చెప్పిరి. అగస్త్యమలై కొండలలో తప్ప మరెచ్చటను పుట్టని ఒక పసుపుపచ్చ పాదుకాపుష్పము సేకరించువారి యాశవలన దాదాపు రూపుమాపబడినదట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పాదుకాపుష్పములకును, నీలి వాండాకును రక్షణ కలదు.

ఇంటికి వచ్చి చూతుము గదా, మామిడికి ఆ యేడు మరల కాపు లేదు. తినుటకు వందా లేకపోయినను లేదు. "మామిడి ఒక యేడు కాచి ఒక యేడు మానుట వాడుకయే గదా" అని మావారనిరి. అత్తగారు మారుపలుక లేదు.

ఆ శ్రావణమున గాలివానకు ఊరిచివర పాత తుమ్మచెట్టొకటి కూలెను. వంటచెరకునకై దానిని నరుకుచుండగా అత్తగారు ఆ దారిని వచ్చుచుండిరట. కొంగున ఏదియో మూటగట్టుకొని వచ్చి, "అమ్మాయీ, నీ వందా ఇదేనా చూడు" అని అరుగుమీద పెట్టిరి. వేళ్లు సగము విరిగినవి, ఆకులు నాలుగే మిగిలినవి. కొబ్బరిపీచుతో మామిడి పాతకొమ్మకే కట్టితిమి.

ఇది మూడవ యేడు. ఇంకను పూయలేదు. క్రొత్తవేరొకటి పీచును దాటి బెరడును పట్టుకొన్నది. అత్తగారు ప్రతిదినము తులసికి నీరు పోసి, చెంబులో మిగిలిన నీటిని దానిపై చిలికి, వేరు పచ్చబడుదాక నిలుచుండి చూచి లోనికి వచ్చుచున్నారు.