పరుగు వాళ్లది.. గొంతు మనది!

మారథాన్ అనగానే అందరూ అడిగేది ఒక్కటే.. ‘నువ్వెన్ని కిలోమీటర్లు ఉరికినవ్?’ అని. పక్కన నిలబడి అరిచినవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నిజానికి అది కూడా పనే! తెల్లారకముందే లేవాలి. రోడ్లు మూసేలోపు చేరాలి. గంటల తరబడి నిలబడాలి. మెడల్ రాదు, టీషర్ట్ రాదు, ఇన్‌స్టాలో పెట్టుకోడానికి టైమింగ్ కూడా ఉండదు. అయినా ఒక్కసారి వెళ్లి చూడండి. ఎందుకో చెప్తా.

నాలుగో రౌండు పాఠం

మాది రామకృష్ణాపూర్. మంచిర్యాల, మందమర్రి మధ్యలో సింగరేణి ఊరు. రైల్వే స్టేషన్ బోర్డు మీద మాత్రం రవీంద్రఖని అని ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్లు తికమక పడతారు. మా దిక్కు బాయిల పేర్లు ఆర్కే-5, ఆర్కే-7, కేకే-5.. ఇట్లా అంకెలతోనే ఉంటాయి. ఊళ్లో టైమ్ కూడా షిఫ్టులను బట్టే నడుస్తుంది. మొదటి షిఫ్టుకు పోయేటోళ్లు టిఫిన్ డబ్బాతో బయల్దేరే వేళకే, ఠాగూర్ స్టేడియంలో పిల్లల పరుగు మొదలై ఉంటుంది.

వాళ్లు ఫిట్‌నెస్ కోసం ఉరకరు. కానిస్టేబుల్ కొలువు కోసమో, ఆర్మీ కోసమో ఉరుకుతారు. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్‌కు మగవాళ్లయితే 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లయితే 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. మొదటి రౌండు అందరూ హీరోలే. రెండోది ఓకే. మూడో రౌండులో మొహాలు మారిపోతాయి. నాలుగో రౌండు మొదట్లో ఒక దోస్తు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన ఉరుకుతూ అరుస్తాడు.. ‘అయిపోయింది, గింతే ఉంది, వదలకు!’ అని. మా ఊళ్లో ప్రేక్షకుడు అంటే అతనే.

మా బాబాయి కొడుకు అక్కడే తయారయ్యాడు. రెండుసార్లు ఈవెంట్స్‌కు పోయాడు. రెండుసార్లూ 1600 దగ్గరే ఆగిపోయాడు. రెండోసారి తేడా 4 సెకన్లు! ఆ తర్వాత హైదరాబాద్‌లో చిన్న ప్రైవేటు ఉద్యోగంలో చేరాడు. పరుగు మాత్రం ఆపలేదు. ‘కొలువు రాలే, ఇంకెందుకురా ఉరుకుడు?’ అని ఇంట్లో అందరూ అడిగారు. వాడు జవాబు చెప్పలేదు. ఒకరోజు ఫోన్ చేసి, ‘అన్నా, హైదరాబాద్ మారథాన్ ఫుల్‌కు పేరిచ్చిన’ అన్నాడు.

42.195 ఎక్కడి నుంచి వచ్చింది?

ఫుల్ మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఈ వింత లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌ది. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగిసేలా కొలిస్తే అంత వచ్చింది. 1921లో దాన్నే ప్రపంచమంతటికీ ఖాయం చేశారు. అంటే, ఈ దూరం తేలింది చూసేవాళ్లు కూర్చున్న చోటును బట్టే అన్నమాట!

అమెరికాలో బోస్టన్ మారథాన్ 1897 నుంచి జరుగుతోంది. అందులో సగం దూరం దగ్గర వెల్స్‌లీ కాలేజీ వస్తుంది. అక్కడి అమ్మాయిలు రోడ్డు పక్కన వరసగా నిలబడి పెట్టే కేకలకు ‘స్క్రీమ్ టన్నెల్’ అని పేరే పడిపోయింది.

మన హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మధ్యలో పంజాగుట్ట ఫ్లైఓవర్, కేబీఆర్ పార్కు, 2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి.. ఎక్కుడు, దిగుడు తప్పవు. వానాకాలపు ఉక్కపోత ఉండనే ఉంటుంది.

బాపు వచ్చాడు

ముందురోజు మంచిర్యాలలో రైలెక్కి మా బాపు కూడా వచ్చాడు. కోల్ ఫిల్లర్‌గా బాయిల చేరి, మోకాళ్లు అరిగాక రిటైరైన మనిషి. ‘పైసలు కట్టి ఉరుకుడేందిరా? మా కాలంల ఉరికితే పైసలిచ్చేటోళ్లు’ అని రాత్రంతా నవ్వాడు. అయినా పొద్దున నాకంటే ముందే లేచి తయారయ్యాడు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు నిలబడ్డాం. ముందు వచ్చేవాళ్లను చూసి తీరాలి. చెప్పుల చప్పుడంత కూడా రాదు, గాలిలా పోతారు. మనం చప్పట్లకు చేతులు ఎత్తేలోపు మలుపు తిరిగిపోతారు. ఆ తర్వాత గుంపులు.. బ్యాంకు ఉద్యోగులు, నా లాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు, తెల్ల జుట్టు అమ్మమ్మలు. బాపు మొదట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకావిడ చీరకట్టులో, కాళ్లకు స్పోర్ట్స్ షూస్ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కినంత కష్టంగా మా ముందు నుంచి పోతోంది. అప్పుడు నోరు తెరిచాడు.. ‘ఉరుకు బిడ్డా, ఉరుకు!’ ఆమె తలతిప్పి నవ్వి, నడక ఆపి మళ్లీ పరుగందుకుంది. అంతే, ఇక బాపును ఆపడం నా వల్ల కాలేదు.

తమ్ముడు బాగానే కనిపించాడు. చెయ్యి ఊపుతూ పోయాడు. మేం మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, గచ్చిబౌలి వైపు చివరి కిలోమీటర్ల దగ్గరికి చేరాం. అసలు చూడాల్సింది అక్కడే.

ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ సుమారు 30 కిలోమీటర్లు దాటాక అడుగంటుతుంది. రన్నర్లు దాన్ని ‘గోడ’ అంటారు. కాళ్లు బరువెక్కుతాయి, బుర్ర ‘ఇక చాలు’ అంటుంది. తమ్ముడు అలాగే వచ్చాడు. నడుస్తున్నాడు. పెదాల మీద ఉప్పు తెల్లగా కట్టింది. మమ్మల్ని చూసి ఆగిపోయి, ‘పెద్దబాపు ఎందుకొచ్చిండు?’ అన్నాడు. కళ్లు నీళ్లతో నిండాయి. నాకేం చెప్పాలో తోచలేదు.

బాపు మాత్రం రోడ్డు అంచు వెంట వాడితో పాటు నడవడం మొదలుపెట్టాడు. ‘ఈడ టైమ్ చూసేటోడు ఎవడు లేడు కొడుకా. నాలుగు సెకన్లు పోతే పోనీ. మెల్లగ పోదాం పా’ అన్నాడు. ఆ అరిగిన మోకాళ్లతో వంద అడుగులు నడిచాడేమో. తర్వాత వాడు మెల్లగా జాగింగ్ అందుకున్నాడు. ఫినిష్ లైన్ దాటాడు. అయిదు గంటలు దాటింది. మెడల్ తెచ్చి బాపు మెడలో వేస్తే, తీసి మళ్లీ వాడి మెడలోనే వేశాడు.

లాంపుల లెక్క

ఎండెక్కింది. చూసేవాళ్లు పల్చబడ్డారు. ‘ఇక పోదామా?’ అంటే బాపు కదలలేదు. ‘ఇంకా వస్తున్నరు కద’ అన్నాడు.

బాయిల దిగేముందు ప్రతి కార్మికుడూ లాంప్ రూమ్‌లో తన నంబర్ ఉన్న టోపీ లైట్ తీసుకుంటాడు. షిఫ్టు దిగాక తిరిగి ఇస్తాడు. ఒక లాంపు చోటు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ‘లాంపులన్నీ వాపస్ రావాలె’ అన్నాడు బాపు. కుంటుకుంటూ వచ్చినవాళ్లందరికీ మేం ముగ్గురం చప్పట్లు కొట్టాం. ముందు పరుగెత్తినవాళ్లకు మా కేకలు వినిపించాయో లేదో గానీ, చివర వచ్చిన ప్రతి ఒక్కరూ మా వైపు చూశారు. కొందరు థ్యాంక్స్ చెప్పారు, ఆ ఆయాసంలో కూడా!

మీరూ వెళ్తారా?

అయితే కొన్ని విషయాలు. స్టార్టింగ్ దగ్గర కన్నా చివరి పది కిలోమీటర్లలో నిలబడండి, అవసరం అక్కడే ఎక్కువ. బిబ్ మీద పేరుంటే పేరు పెట్టి పిలవండి. ఇంకా పది కిలోమీటర్లుంటే ‘అయిపోయింది’ అని అబద్ధం చెప్పకండి, వాళ్లకు లెక్క తెలుసు. సెల్ఫీ కోసం రోడ్డు మీదకు పోకండి. రెండు చోట్ల చూడాలంటే బండి కన్నా మెట్రో నయం, రోడ్లు మూసి ఉంటాయి.

హైదరాబాద్ దాకా రాలేకపోతే మీ ఊరి గ్రౌండ్ ఉండనే ఉంది. పొద్దున్నే అక్కడ ఎవరో ఒకరు 1600 కొడుతూ ఉంటారు. నాలుగో రౌండు మొదలయ్యే చోట నిలబడి, ఒక్క కేక వెయ్యండి చాలు.