పందెం ఫ్రాన్సులో, జాగారం విడవలూరులో

నెల్లూరులో పెన్న దాటి, కోవూరు మీదుగా తూర్పుకు సాగితే విడవలూరు వస్తుంది. దారికి ఇరుపక్కలా వరిమళ్లు. సముద్రం వైపు పోయేకొద్దీ మళ్లు తగ్గి రొయ్యల గుంటలు కనిపిస్తాయి. ఆ ప్రాంతపు బతుకు తెలియాలంటే ఒక రాత్రి గుంటగట్టున గడపాలి.

2018 జూన్‌లో నేనలా ఒక రాత్రి గడిపాను. మా అక్కగారిది ఆ ఊరే. బావ రెండు గుంటలు కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచుతున్నాడు. ఇంకో పది రోజుల్లో పట్టుబడి. నేను వెళ్లింది అక్కను చూడటానికే గాని, ఆ శనివారం నాకు మరొక పని కూడా ఉన్నది. ఫ్రాన్సులో లె మాన్ కారు పందెం మొదలయ్యే రోజది. ఏటా ఆ రాత్రి నాకు జాగారమే.

లె మాన్ పారిస్‌కు నైరుతిగా ఉన్న పట్టణం. 1923లో మొదలైన ఈ పందెం ఏకధాటిగా 24 గంటలు సాగుతుంది. ఒక్కొక్క చుట్టు 13 కిలోమీటర్ల పైమాటే. గడువు ముగిసేసరికి ఎవరు ఎక్కువ దూరం పోతే వారిదే గెలుపు. మన నెల్లూరు వారికి ఈ వేడుక మరీ పరాయిదేమీ కాదు. చెన్నై పోయే దారిలో షోలవరం ఉన్నది గదా! అక్కడి పాత విమానాల బాట మీద ఒకప్పుడు కార్ల పందేలు జరిగేవి. ఆ చెన్నై వాడే కరుణ్ చందోక్ 2012లో లె మాన్‌లో పాల్గొని, తన జట్టుతో ఆరవ స్థానం పొందాడు.

గట్టుమీద పాకలో, నీళ్లచెంబుకు ఫోను ఆనించి కూర్చున్నాను. అక్కడికీ మనకూ మూడున్నర గంటల తేడా. మాకు అర్ధరాత్రి అయినా వాళ్లకింకా పొద్దు గుంకలేదు.

"ఏంది మాస్టరూ, తిరిగిన చోటే తిరగతా ఉండారు. దీన్ని రేత్రంతా చూస్తావా?" అన్నాడు బావ.

"నీ చక్రాలు చేసేదేమిటి బావా?" అన్నాను. నవ్వాడు.

గుంటలో నీటిని చిలికే చక్రాలను ఏరేటర్లంటారు. నీటిలోని నాచు పగలు ఎండకు ప్రాణవాయువు నిస్తుంది. రాత్రి అయితే అదే నాచు ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అందుచేత తెల్లవారుజామున నీటిలో గాలి బాగా తగ్గిపోతుంది. ఆ వేళ చక్రాలు ఆగాయా, రొయ్యలు ఊపిరాడక పైకి తేలి చస్తాయి. నెలల కష్టమూ, చేసిన అప్పూ ఒక్క జాములో నీళ్లపాలు.

కాపలా కుర్రవాడు జ్వరమని ఇంటికి పోయినందున బావ అప్పటికి మూడు రాత్రులుగా ఒక్కడే మేలుకుంటున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పడుకోమంటే, "ఇంకోడి చేతిలో పెడితే నాకు నిద్రెట్టా పడద్ది?" అంటాడు.

అప్పుడతనికి పియేర్ లెవెగ్ కథ చెప్పాను. 1952లో ఆ ఫ్రెంచివాడు జతగాడికి కారు ఇవ్వకుండా రాత్రీ పగలూ ఒక్కడే నడిపాడు. అందరికన్నా ఎంతో ముందున్నాడు. ఇక గంట పైచిలుకు మాత్రమే మిగిలిందనగా ఇంజను పాడై కారు నిలిచిపోయింది. అలసిన చేయి గేరు తప్పిందని కొందరూ, లోపం ఇంజనులోనే ఉన్నదని కొందరూ అంటారు. ఇప్పుడైతే కారుకు ముగ్గురు చొప్పున వంతులవారీగా నడుపుతారు. ఏ ఒక్కరూ మొత్తం 14 గంటలకు మించి నడపరాదు.

బావ బదులు చెప్పలేదు. కాసేపటికి టార్చిలైటు నా చేతిలో పెట్టి, "కరెంటు పోతే కేకెయ్" అని నులకమంచం మీద వాలాడు. వాలీ వాలడంతోనే గురక.

మూడు దాటాక కరెంటు పోనే పోయింది. అంతసేపూ చెవుల్లో హోరెత్తిన నీటి చప్పుడు ఒక్కసారిగా అణగిపోయింది. నా కేకకు బావ దిగ్గున లేచి జనరేటరు దగ్గరికి పరుగెత్తాడు. నేను టార్చి పట్టుకున్నాను. రెండుసార్లు తిప్పినా అది అంటుకోలేదు. గుండె నోట్లోకి వచ్చింది. మూడోసారికి గుర్రుమంది. చక్రాలు మళ్లీ నీరు చిమ్మేదాకా ఇద్దరమూ మాట్లాడలేదు. "నిద్ర పోకుండా ఉంటే ఈ చేతికి ఇంత సత్తువ ఉండేది కాదు మాస్టరూ" అన్నాడు బావ.

ఆదివారం సాయంత్రం టొయోటా కారు మొట్టమొదటిసారి లె మాన్ గెలిచింది. చివరి వంతు నకజిమా అనే జపాను వానిది. 2016లో గెలుపు చేతికందే ముందు, కొద్ది నిమిషాలలో ముగుస్తుందనగా ఆగిపోయిన కారును నడిపినది కూడా అతనే. అతనితోపాటు వంతులు పంచుకున్న బువేమీ, అలాన్సో కూడా విజేతలే.

బావ పట్టుబడి సవ్యంగా జరిగింది. మరుసటి పంటకు ఇద్దరిని కాపలాకు కుదుర్చుకున్నాడని అక్క ఫోనులో చెప్పింది. రామతీర్థం సముద్రస్నానానికి ఆ వైపు పోయే పాఠకులు, చీకట్లో గుంటగట్ల మీద దీపాలు కనిపిస్తే ఒక నిమిషం ఆగి చెవి ఒగ్గండి. చక్రాల చప్పుడు వినిపిస్తున్నంతసేపూ అక్కడ అందరూ క్షేమమే.