నర్మెట్ట నీడలు

జనగామనుండి యుత్తరముగా నర్మెట్టకు పోవుదారిలో ఎఱ్ఱనేలలును, ప్రత్తిచేలును, అక్కడక్కడ తాటిచెట్లును కనుపట్టును. వానకై యాకాశమువంక చూచు మెట్టసీమ యిది. ఇచ్చట చెట్టునీడ విలువ వేరుగా చెప్పనేల?

పురుషులకు రచ్చకట్ట కలదు. పని తీరినపిదప బిడ్డతో నొకింతసేపు కూర్చుండుటకు స్త్రీకి చోటేది? ఆ కొఱత కొంత తీరునట్లు 2020లో తెలంగాణపల్లెలయందు ప్రకృతివనముల నిర్మాణ మారంభమైనది. ఊరి యుమ్మడిభూమిలో ఉపాధిహామీ కూలీలు గుంతలు త్రవ్వి మొక్కలు నాటిరి. వారిలో పెక్కండ్రు స్త్రీలే.

నాటుట కొకదినము చాలును. బ్రతికించుటకు కొన్ని వేసవులు కావలెను. నీరుపోయువారికి కూలి, ట్యాంకరునకు డీజిలు, కంచెకు మరమ్మతు - అన్నిటికిని సొమ్మే మూలము. అందులకే 2018నాటి తెలంగాణ పంచాయతీరాజు చట్టము పంచాయతీ బడ్జెటులో పదియవవంతు పచ్చదనమునకు కేటాయింపవలెనని విధించినది. గ్రామసభ రెండునెలల కొకమారైనను జరుగవలెననియు నందే కలదు. ఊరి యుమ్మడిభూముల నాక్రమించినవారిని తొలగింపవలెనని 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రప్రభుత్వముల నాదేశించినది. కావున చోటునకు రక్షణయు, చెట్టునకు ధనమును శాసనమందున్నవి, అడుగువారే కావలెను.

సోదరీమణులారా! పోపులడబ్బాలో దాచిన ప్రతికాసునకు లెక్క చెప్పగల మనకు ఊరిలెక్క యడుగుటకు సంకోచమేల? రాబోవు గ్రామసభకు నలుగురు కూడిపొండు. “ఆ పదియవవంతు ఎంత? ఈ వేసవి నీటికెంత యుంచితిరి?” అని యడుగుడు. నేడడిగిన బిందెడునీరే రేపు మన బిడ్డలకు నీడ.