కప్పు పలికే మాట

చాలాకాలానికి మరల ఈ పుట తెరిచాను.

వారం క్రితం మా వీధిలోని పదవ తరగతి పిల్లవాడొకడు నోటుపుస్తకం చంకన పెట్టుకొని వచ్చి, "తాతా, దేశాభివృద్ధిలో సాంకేతిక విశ్వవిద్యాలయాల పాత్ర అని వ్యాసం రాసుకరమ్మన్నరు, జర చెప్పవా" అన్నాడు. శీర్షిక వినగానే నాకు నవ్వు వచ్చింది. గోదావరిఖనిలో తెలుగు పండితుడిగా పనిచేసిన ముప్పది యేండ్లలో ఆ వ్యాసాన్ని ఎన్ని తరగతులకు చెప్పి వ్రాయించానో లెక్క లేదు. "సాంకేతిక విద్య జాతికి వెన్నెముక వంటిది" అని ఎత్తుకొని, నడుమ నెహ్రూగారిని, నాగార్జునసాగరాన్ని స్మరించి, "కావున" అని ముగిస్తే పదికి ఏడు మార్కులు ఖాయం. బొగ్గు గనుల నడుమ కూర్చొని చెప్పిన ఆ వ్యాసంలో బొగ్గు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదని నాకు ఇప్పుడే తోచింది.

పాత వ్యాసమే చెప్పి పంపవచ్చును. కాని నోరు రాలేదు. అందుకు కారణం మా మనుమరాలు. ఆమె సంగతి చెప్పాలంటే ముందు మా బాపు సంగతి చెప్పాలి.

మా బాపు పెద్దపల్లి దగ్గరి పల్లెలో కౌలు సేద్యం విడిచి 1960ల మొదట్లో ఇక్కడి భూగర్భ గనిలో చేరాడు. మొదట తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపాడు, తరువాత టింబర్‌మన్ అయ్యాడు. గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆ పని. అక్షరం రానివాడు. కాని చేతికర్రతో కప్పును తట్టి, చెవి ఒగ్గి విని, అది ఎట్లున్నదో చెప్పేవాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన కప్పు వదులైన డప్పువలె బోలుగా పలుకుతుంది. దుంగమీద బరువు దిగినప్పుడు ముందు కిర్రుమంటుంది, పిమ్మట నారలు చిట్లిన చప్పుడు. ఒక రాత్రి షిఫ్టులో బాపు "దుంగ ఏడుస్తాంది, నడువుండ్రి" అని కేక వేస్తే తొమ్మిదిమంది బయటికి వచ్చారట. పదవవాడు సద్ది గిన్నె కోసం వెనుకకు పోయాడు. ఆ మాట బాపు నాకు ఒక్కసారే చెప్పాడు. మరెప్పుడూ అడగవద్దన్నాడు.

"బాయి నాతోటే ఆగాలె బిడ్డా, నువ్వు సదువుకో" అనేవాడు. చదువుకున్నాను. పండిత శిక్షణ పొంది బడిలో కుదురుకున్నాను. అక్కడ కార్మికుల పిల్లలకు నేనూ అదే పాఠం చెప్పాను. చదువుకుంటే బాయి తప్పుతుంది. వ్యాకరణం కన్నా ఛందస్సు కన్నా శ్రద్ధగా చెప్పిన పాఠం అదే.

నాలుగేండ్ల క్రితం మా మనుమరాలు మైనింగు ఇంజనీరింగు చదువుతానన్నది. సెంటినరీ కాలనీలోని జె.ఎన్.టి.యు. మంథని కళాశాలలో సీటు వచ్చింది. ఇల్లంతా ఒక్కటయ్యాము. నేనైతే కంప్యూటరు సీటు కోసం తెలిసినవారి గడపలన్నీ తొక్కాను. "మీ ముత్తాత ఎందులోనుంచి మమ్ములను బయటికి గుంజిండో ఎరుకేనా" అని అరిచాను. ఆమె నిదానంగా "ఆయన గుంజిండు తాతా, తక్కినోళ్లు ఇంకా లోపల్నే ఉన్నరు గద" అన్నది. నెల దినాలు ఆమెతో మాటలాడలేదు. ఇది గొప్పగా చెప్పుకొనేది కాదు, జరిగింది గనుక వ్రాస్తున్నాను.

ఆ విశ్వవిద్యాలయం 1972లో రాష్ట్ర శాసనం ద్వారా ఏర్పడింది. 2008లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురం శాఖలు వేరువేరు విశ్వవిద్యాలయాలైనాయి. మంథని కళాశాల 2010లో హైదరాబాదు విశ్వవిద్యాలయం కింద వచ్చింది. కాలనీ పేరే సింగరేణి శతాబ్దికి గురుతు. ఆ చుట్టుపక్కలనే అడ్రియాల లాంగ్‌వాల్ గని ఉన్నది. గని పక్కన మైనింగు చదువు ఉండడంలో వింత లేదు. చాలాకాలం లేకపోవడమే వింత. ఇక ఆడపిల్ల సంగతి. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలో పనికి పెట్టరాదన్నది. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనులకు పగటి వేళ, వారి వ్రాతపూర్వక అంగీకారంతో, ముగ్గురికి తక్కువ గాకుండా దిగవచ్చునని సడలించింది. మా పిల్ల పుట్టేనాటికి ఈ దారే లేదు.

రెండవ యేడు సెలవుల్లో ఆమే వచ్చి నా పక్కన కూర్చున్నది. కప్పు బలాన్ని లెక్కగట్టే పద్ధతి ఒకటి చెప్పింది. ధన్‌బాద్‌లోని గనుల పరిశోధన సంస్థ, గనుల విద్యాలయం కలిసి 1987లో రూపొందించినది. పొరల మందానికి 30 మార్కులు, పగుళ్లు మొదలగు నిర్మాణ లక్షణాలకు 25, గాలికీ తేమకూ చెడిపోయే గుణానికి 20, రాతి బలానికి 15, నీటి ఊటకు 10. మొత్తం నూరు. మార్కుల భాష గనుక నాకు ఇట్టే అర్థమైంది. "వీటిలో మా బాపు ఎన్ని ఎరుగు?" అని అడిగాను, గర్వంగానే. పొర విడిపోయిందా లేదా అన్నది చెవితో తెలుస్తుంది గాని, ఎంత లోతున విడిపోతున్నదో కర్రతో తెలియదన్నది. పైగా ఇప్పుడు చాలాచోట్ల దుంగల బదులు కప్పులోకి ఉక్కు బోల్టులు దించుతున్నారు. బోల్టు గట్టిదే, కాని దుంగవలె ఏడవదు. అందుకని కప్పులో రంధ్రం వేసి టెల్‌టేల్ అనే సాధనం అమరుస్తారట. పైపొర కదిలితే రంగుల గుర్తులు మారుతాయి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఏడవలేని ఇనుముకు కన్నీరు పెట్టించే ఉపాయమన్నమాట. నేను చాలాసేపు మాటలాడలేకపోయాను.

ఇంకొకటి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది మరణించారు. బొగ్గు గోడ కవతల ఎంత నీరు నిలిచి ఉన్నదో ఎంతటి టింబర్‌మన్ అయినా తట్టి చెప్పలేడు. సరియైన సర్వే పటాలు, ముందుగా వేసి చూసే బోరు రంధ్రాలు చెప్పాలి. ఆ చదువు తెలిసినవారు కావాలి. చదువుకుంటే బాయి తప్పుతుందని నేను చెప్పినన్నాళ్లు, చదివినవారే బాయిలోకి దిగవలసి ఉన్నదని ఒక్క పిల్లవానికీ చెప్పలేదు.

రామగుండం ఎన్.టి.పి.సి. మొదటి యూనిట్ 1983లో మొదలై, 2004 నాటికి 2600 మెగావాట్లకు పెరిగింది. ఆ కరెంటుతో దక్షిణాదిన ఎన్నో నగరాలు వెలిగాయి. దేశాభివృద్ధి అంటే ఆ దీపాలేనని వ్యాసాలలో వ్రాయించాము. నా మట్టుకు, ఆ బొగ్గు తీసినవాడు షిఫ్టు దిగి ఇల్లు చేరడం కూడా ఆ లెక్కలో పడాలి. విశ్వవిద్యాలయాలు అందుకు చేయవలసినది చేస్తున్నవా అంటే సగమే అంటాను. కంప్యూటరు శాఖ సీట్లు పెరిగినంతగా తక్కిన శాఖలు పెరగలేదు. మైనింగు చదివినవారిలోనూ పలువురు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీల వైపే చూస్తున్నారు. వారిని తప్పుపట్టే అర్హత సీటు కోసం గడపలు తొక్కిన నాకు లేదు.

భాష సంగతి మాత్రం అడిగే హక్కు ఉన్నదనుకుంటాను. మొన్న శిక్షణ కోసం మా పిల్ల గనిలోకి దిగింది. పుస్తకంలో ఉన్నదంతా ఇంగ్లీషు, లోపల వినబడేదంతా మన మాట. "కప్పు పలుకుతాంది మేడం" అని ఒక ముసలి కార్మికుడన్నాడట. ఆ మాట ఇంట్లో విని ఉన్నది గనుక ఆమె ఆగింది, పక్కనున్న సహపాఠి ఇంకా చూస్తూనే ఉన్నాడట. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఎన్నో శాస్త్రాలకు పదకోశాలు తెచ్చింది. 2021లో ఇంజనీరింగును తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో బోధించడానికి అనుమతి వచ్చింది. అనువాదకులు సంస్కృతంలో వెతుకుతారు, నేనైనా అంతే చేసేవాణ్ణి. బొగ్గు గనిలో అరువదేండ్లుగా వాడిన మాటలున్నాయని ఎవరికి తోచాలి?

ఆ పిల్లవానికి ఇదంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. "గిది రాస్తే మార్కులు పడ్తయా తాతా?" అన్నాడు. చెప్పలేనన్నాను. చివరకు పాత వ్యాసమే వ్రాసుకొని పోయాడు. వెన్నెముకతో సహా.

మనుమరాలు గని మాటల పట్టిక వ్రాసిపెట్టమన్నది. రోజూ సాయంత్రం పదవీ విరమణ చేసిన కార్మికులు కూర్చునే చెట్టు కిందికి పోయి వ్రాసుకుంటున్నాను. నిన్నటికి నూట పన్నెండు మాటలైనాయి. "చెమ్మస్" హిందీ చమ్మచ్ నుండి వచ్చిందని నా ఊహ. ఇల్లందు, కొత్తగూడెం, బెల్లంపల్లి వైపు మిత్రులెవరైనా ఉంటే, మీ దగ్గర దానిని ఏమంటారో వ్యాఖ్యలో తెలుపగలరు.