నల్లమల దిగాలంటే అంబాసిడర్ వెనక బ్రేకులు చూసుకోండి

మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరు దాకా పాత అంబాసిడర్‌కి పెద్ద పరీక్షేం ఉండదు. గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లోకి వెళ్తేనే అసలు కథ. ఎక్కడం ఇంజిన్ పని, దిగడం బ్రేకుల పని.

2014లో తయారీ ఆగిన ఈ కారు పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డిస్కులా వీటికి గాలి తగలదు. బాగా వేడెక్కితే ఎంత తొక్కినా బండి ఆగనంటుంది. రెండో గేరులో దిగడం మంచిదే, కానీ సామాను బాగుండాలిగా!

అందరూ ముందు షూలు కొంటారు. నన్నడిగితే ముందు వీల్ సిలిండర్ చూడండి. రబ్బరు కప్పు పోయి ఆయిల్ కారితే కొత్త లైనింగ్ కూడా వేస్టే. డ్రమ్ములో గీతలుంటే లేత్ మీద తీయించొచ్చు, మరీ పల్చబడితే మాత్రం మార్చేయాలి. షూలు రెండు వైపులా ఒకే రకం వేయాలి. హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేదీ ఈ వెనక షూలనే. ఘాట్‌లో ఆపి సెల్ఫీ దిగాలన్నా ఇవే దిక్కు.

అమెరికాలో పాత మస్టాంగ్ ఉన్నోళ్లకి కిట్ ఇంటికే వస్తుంది. మనం పాత షూ పట్టుకెళ్లి కౌంటర్ మీద కొత్తదాని పక్కన పెట్టి చూసుకోవాల్సిందే. విప్పేటప్పుడు దుమ్ము ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పలకల ఊరి వాళ్లకి దుమ్ము సంగతి నేను చెప్పాలా?

బిగించాక నేరుగా ఘాట్ ఎక్కొద్దు. గిద్దలూరు దాకా మెల్లగా తొక్కుతూ వదులుతూ వెళ్లండి. అక్కడ ఆగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెనక ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే, సెట్టింగ్ మళ్లీ చేయించాకే అడవిలోకి.