బూరె గోకుడు

మా ఇంట్లో రెండు గినీ పిగ్‌లున్నాయి. పేర్లు పండు, బూరె. మా అమ్మాయి తన పదో పుట్టినరోజుకి పోరి పోరి కొనిపించుకుంది. "అన్నీ నేనే చూసుకుంటానమ్మా" అంది. ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారో మీకు చెప్పక్కర్లేదు కదా!

కిందటి నెల "అమ్మా, బూరె ఊరికే గోక్కుంటోంది" అని నాలుగైదుసార్లు చెప్పింది. "ఎండలకి బొచ్చు రాలుస్తోందేమోలే" అని నా పనిలో నేను పడ్డాను. ఓ రోజు బోను కడుగుతూ బూరె వీపు మీద చెయ్యి వేస్తే కీచుమని అరిచింది. వెంట్రుకలు పాయ తీసి చూస్తే మెడ వెనక బొచ్చు ఊడిపోయి, చర్మం చుండ్రు పట్టినట్టు పొట్టు లేస్తోంది. గోక్కున్న చోట నెత్తురు. మనసు చివుక్కుమంది. పిల్ల చెబుతూనే ఉంది, విననిది నేనే.

పక్కింటావిడ వాళ్ళ కుక్కకి వాడగా మిగిలిన మందిచ్చి, "రెండు చుక్కలు వెయ్యండి, పోతుంది" అంది. మూత తీశాను కూడా. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "కుక్క ఎంత, బూరె ఎంతమ్మా?"

ఇలాంటి చిన్న జీవాల్ని చూసే డాక్టరు మూడోచోట దొరికారు. చర్మం కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద చూశారు. "పేలు కాదమ్మా, మైట్స్. గజ్జి పురుగుల్లాంటివి, ఇవి కంటికి ఆనవు" అన్నారు. బూరెని తూస్తే 820 గ్రాములు. ఐవర్‌మెక్టిన్ మందు ఆ బరువుకి లెక్కకట్టి వేశారు. ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుందట. వంటంతా కంటికొలతతో చేసే నాకు ఆ మాటకి చెమటలు పట్టాయి.

ఆ మందుకి గుడ్లు చావవు. అవి పొదిగాక వచ్చేవాటి కోసం రెండేసి వారాల తేడాతో మూడుసార్లు వెయ్యాలన్నారు. బాగానే కనబడుతున్నా, ఒకే బోనులో ఉంటుంది కాబట్టి పండుకీ వేశారు. ఇంటికొచ్చి బోనులో గడ్డంతా పారేశాను. చెక్క గూడూ పారేశాను. బోను వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాను.

మూడో మోతాదు అయ్యేసరికి బూరెకి మెడ మీద నూగు మొలిచింది. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఇద్దరం కూర్చుని పాయలు తీసి చూస్తాం. చెవుల వెనక, తొడల దగ్గర కూడా. తర్వాత తూచి పుస్తకంలో రాస్తుంది మా అమ్మాయి.

ఇప్పుడు అది "అమ్మా, ఒకసారి చూడు" అంటే పొయ్యి కట్టేసి మరీ వెళ్తున్నాను.